తీర్పు వచ్చేసరికి కొట్టు మూతపడింది

మార్కెట్ యార్డులో కాటా వేసేవాడే పక్కన సొంత కొట్టు పెట్టుకున్నాడనుకోండి. తన సరుకు గుమ్మం ముందు రాశి పోసి, మన బస్తాలు వెనక గోడౌనులోకి నెట్టిస్తే కొనేవాడి కంట మన సరుకు పడేదెప్పుడు? పోనీ ఇంకో యార్డుకు పోదామంటే చుట్టుపక్కల లేదు. ఇంగ్లండులో ఆడమ్ రాఫ్, షివాన్ రాఫ్ అనే దంపతులకు జరిగింది ఇదే.

ఏ వస్తువు ఎక్కడ చౌకగా దొరుకుతుందో చూపించే ఫౌండెమ్ అనే వెబ్‌సైటు వాళ్ళది. 2006 జూన్‌లో గూగుల్‌లో వెతికితే అది అడుక్కి పోయింది. కంపెనీని అడిగి అడిగి, 2009లో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. గూగుల్ తన సొంత షాపింగ్ సేవను పైన పెట్టి పోటీ సైట్లను కిందికి తోసిందని 2017లో కమిషన్ తేల్చింది. పోటీదారుల్లో అందరికంటే ముందున్నది కూడా సగటున నాలుగో పేజీలో కనబడుతోందని చెప్పింది. 242 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2024 సెప్టెంబరులో యూరప్ అత్యున్నత న్యాయస్థానం దాన్ని ఖాయం చేసింది.

గెలిచారు. కానీ ఫౌండెమ్ 2016లోనే మూతపడింది. జరిమానా సొమ్ము వాళ్ళ చేతికి రాదు. నష్టపరిహారానికి మళ్ళీ వేరే దావా వేసుకోవాల్సి వచ్చింది. పంట ఎండిపోయాక కాలువకు నీళ్ళు వదిలినట్టుంది ఈ న్యాయం.

అదే 2006లో మన దగ్గర ఏం జరిగిందో పత్తి రైతులకు గుర్తుండే ఉంటుంది. 450 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్ 1,600 రూపాయలకు పైనే అమ్మేవారు. అందులో 1,250 రూపాయలు మోన్‌శాంటో భాగస్వామ్య కంపెనీ రాయల్టీకే పోయేవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాల నియంత్రణ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. మే నెలలో రాయల్టీ తగ్గించమని ఆదేశం వచ్చింది. ప్రభుత్వం ప్యాకెట్ ధర 750 రూపాయలుగా నిర్ణయించింది. ఆ ఖరీఫ్‌లోనే రైతుకు సగానికి పైగా ఖర్చు తగ్గింది.

అక్కడ ఏళ్ళూ పూళ్ళూ పట్టింది, ఇక్కడ నెలల్లో తేలింది. తేడా ఎక్కడుంది? అక్కడ ఇద్దరు మనుషులు తమ సంపాదన వదులుకుని ఒంటరిగా కొట్లాడారు. ఇక్కడ రైతుల ఆందోళన వెనక ఉంది, ప్రభుత్వమే ఫిర్యాదుదారుగా నిలబడింది. కమిషన్ తలుపు తట్టడం దండగని మేం అనడం లేదు. ఒక్క చెయ్యి తడితే లోపలివాళ్ళకు వినబడడానికి చాలా కాలం పడుతుందని అంటున్నాం.

ఇప్పుడా పాత కమిషన్ స్థానంలో కాంపిటీషన్ కమిషన్ ఉంది. అక్కడ కూడా గూగుల్ వెతుకులాటపై 2012లో అందిన ఫిర్యాదు మీద 135.86 కోట్ల జరిమానా పడేసరికి 2018 వచ్చింది. చిన్నవాడు ఆరేళ్ళు నిలబడగలడా? పెద్ద డిజిటల్ కంపెనీలకు నష్టం జరగకముందే హద్దులు గీయడానికి కేంద్రం 2024 మార్చిలో ఒక బిల్లు ముసాయిదా బయటపెట్టింది. అలాంటి చట్టం రావాలి. ఫిర్యాదు అందాక ఇన్ని నెలల్లో తేల్చాలనే గడువు, ఈలోగా బాధితుడికి మధ్యంతర రక్షణ అందులో ఉండాలి.

రేపు విత్తనాలు, మందులు, పంట అమ్మకం అన్నీ ఫోన్ యాప్‌ల మీదికి వస్తే కాటా ఎవరి చేతిలో ఉంటుందో ఇప్పుడే ఆలోచించుకోవాలి. కొన్న ప్రతిదానికీ బిల్లు అడుగుదాం, దాచుకుందాం. అన్యాయం జరిగితే ఎవరికి వారు గొణుక్కోకుండా గ్రామ కమిటీలో రాయించుదాం. పది ఊళ్ళ బిల్లులు ఒక్క ఫైలులో చేరితేనే అది ఫిర్యాదు అవుతుంది.