ఫిర్యాదు పోలీసుల మీద, విచారణ ఎవరి చేత?

అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుకునే అమ్మాయికి ఏ ఆపద వచ్చినా వెళ్లవలసింది చిక్కడపల్లి స్టేషన్‌కో, నారాయణగూడ స్టేషన్‌కో. ఆపద స్టేషన్‌లోనే ఎదురైతే? ఫిర్యాదు పై అధికారికి ఇవ్వాలి. ఆయనా పోలీసే. కంచే చేను మేసిందని అందరం అంటాం, ఆ కంచెను ఎవరు పీకాలో మాత్రం తేల్చుకోం.

ఈ పేటలకు దగ్గర్లోనే నల్లకుంట. 1978 మార్చిలో అక్కడి స్టేషన్‌లో పోలీసులు తనపై అత్యాచారం చేశారని రమీజాబీ చెప్పింది. రిక్షా తొక్కే ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది, కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన ఆమె నడవడిక చుట్టూనే తిరిగింది. అయినా కమిషన్ పోలీసులనే దోషులుగా తేల్చింది. కానీ కమిషన్ నివేదికకు తీర్పుకున్న బలం లేదు. కేసు రాయచూరుకు మారింది, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు.

2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ లోటునే పూడ్చబోయింది. డీఎస్పీ స్థాయి వరకు (నగరంలో ఏసీపీ అనుకోండి) జిల్లా ఫిర్యాదుల అథారిటీ, ఎస్పీ, ఆ పైవారికి రాష్ట్ర అథారిటీ ఉండాలంది. అధ్యక్షులుగా విశ్రాంత న్యాయమూర్తులను ప్రధాన న్యాయమూర్తి ఇచ్చిన జాబితా నుంచే తీసుకోవాలి. వాటి సిఫార్సులను అమలు చేసి తీరాలి. మానవ హక్కుల కమిషన్‌కు లేని పదును ఇదే. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇది కాగితం మీదకు రావడానికే ఏళ్లు పట్టింది.

తీర్పులోనూ నాకు పేచీ ఉంది. విశ్రాంత పోలీసు అధికారులు సభ్యులు కావచ్చు, క్షేత్ర విచారణకు సీఐడీ, ఇంటెలిజెన్స్‌లలో పనిచేసి రిటైరైనవారిని వాడుకోవచ్చు. మహిళా సభ్యురాలు ఉండి తీరాలన్న మాట మాత్రం లేదు. ఇక పరిధి: కస్టడీలో మరణం, తీవ్ర గాయం, అత్యాచారం. జిల్లా స్థాయిలో వీటికి తోడు బలవంతపు వసూళ్లు, భూకబ్జా, తీవ్రమైన అధికార దుర్వినియోగం. నా పరిశోధనలో స్త్రీలు ఎక్కువగా చెప్పింది వేరు: ఎఫ్ఐఆర్ రాయకపోవడం, కౌన్సెలింగ్ పేరిట మళ్లీ ఆ మొగుడి దగ్గరికే పంపడం, వినలేని మాటలు. ఇవి 'తీవ్రమైనవి' కావని నిర్ణయించేదెవరు?

స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలనీ, రికార్డు కనీసం ఏడాది భద్రపరచాలనీ 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మన సంఘాలు ఫిర్యాదుతోపాటే, మొదటి వారంలోనే, ఆ రికార్డును చెరపకుండా ఉంచమని రాతపూర్వకంగా కోరాలి. ఆలస్యమైతే మిగిలేది ఆమె మాట, వాళ్ల మాట మాత్రమే.