తలయెత్తి చూడుడు

అనంతపురపు మెట్టసీమలో వాన రాని యేట పెద్దల దిగులు పిల్లల మొగములందును కనిపించును. ఆ దిగులుతోనే వారు బడికి వత్తురు. అట్టి బాలునకు ఉపాధ్యాయుడు పాఠము గాక మరేమి యీయగలడు? ఒక గంట ప్రశాంతత నీయగలడని నా నమ్మకము.

అందుకు లేపాక్షి గలదు. 2022 వరకు అనంతపురము జిల్లాలోనిదై, నేడు శ్రీసత్యసాయి జిల్లాలో నున్న గ్రామమిది. 16వ శతాబ్దిలో, అచ్యుతదేవరాయల కాలమున, కూర్మశైలముపై వెలసిన వీరభద్రాలయపు కప్పున పార్వతీకల్యాణము, కిరాతార్జునీయము నేటికిని కన్నులపండువుగా నున్నవి. మన్ను, రాయి యిచ్చిన రంగులే ఆ చిత్రములకు ప్రాణము.

కాని విద్యార్థులను గొనిపోయినపుడు జరుగుచున్నదేమి? వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డ దూర్చి చూతుము, తేదీలు వ్రాసికొందుము, బస్సెక్కుదుము. తలయెత్తి చూచువా రెందరు?

ఉపాధ్యాయులారా! పిల్లలను ఆ మంటపమున మౌనముగా కూర్చుండనీయుడు. ఒక్క బొమ్మనే చూడుమనుడు. ఒక్క చీరయంచునే గీయుమనుడు. లేపాక్షి దూరమైనచో ఊరి చింతచెట్టు నీడయు చాలును. ఒక్క రెమ్మనే గీయుమనుడు. ప్రశ్నలు వలదు, మార్కులు వలదు. చూపు నిలిచినచో మనస్సును నిలుచును.

చిత్రము వాన కురిపింపదు, అప్పు తీర్పదు. కాని నిలిచి చూచుట నేర్చిన బాలుడు తన దిగులును గూడ బెదరక చూడగలడు.