అత్తరు సీసా

వస్తువు విలువను దాని పరిమాణాన్ని బట్టి లెక్కకట్టడం లోకంలో పరిపాటి. పెద్ద సీసా ఖాళీ అయితే దానిని కడిగి నూనెకో తేనెకో దాచుకొంటారు. బొటనవేలంత అత్తరు సీసా ఖాళీ అయితే దానిని గురించి ఎవరూ ఆలోచించరు. అది నేరుగా చెత్తబుట్టకు చేరుతుంది. వస్తువు చిన్నది కనుక నష్టమూ చిన్నదేనన్న భావన ఇందుకు మూలం. ఆ భావన సరియైనది కాదు.

అత్తరుకు గాజు పాత్ర ఉండటంలో ఔచిత్యం ఉంది. పరిమళ తైలాలకు కొన్ని రకాల ప్లాస్టిక్కును మెత్తబరచే గుణం ఉంటుంది. గాజు వాటితో చర్య జరపదు, వాసనను పీల్చుకోదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ పట్టణం శతాబ్దాలుగా అత్తరుకు ప్రసిద్ధి. అక్కడ రాగి పాత్రలలో పూలను నీటితో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలో చేర్చి అత్తరు తీస్తారు. హైదరాబాదులో చార్మినారు పరిసరాల దుకాణాలలో అత్తరును పెద్ద సీసాలలో నిలువ ఉంచి, కొనేవారు కోరినంత కొలిచి చిన్న సీసాలలో పోసి ఇవ్వడం ఆచారం. దాని కొలత తులం. తులమంటే సుమారు 11.66 గ్రాములు. సాధారణంగా అందులో సగమో, పావో కొంటారు. అంత స్వల్పమైన ద్రవ్యానికి మందపాటి గాజు సీసా, బిగుతైన మూత, కొన్నింటిలో అద్దుకొనే గాజు పుల్ల కూడా ఉంటాయి. తరచుగా లోపలి పరిమళం కంటే బయటి పాత్ర బరువే అధికం.

ఆ పాత్ర వెనుక ఉన్న శ్రమ, వ్యయం కంటికి కనిపించవు. ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి కొలిమిలో సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ వేడిమి వద్ద కరిగిస్తేనే గాజు తయారవుతుంది. ఇందుకు విస్తారంగా ఇంధనం కావాలి. అంతేకాక సోడా, సున్నపురాయి వేడికి విచ్ఛిన్నమై బొగ్గుపులుసు వాయువును వెలువరిస్తాయి. తాజ్‌మహల్ చుట్టుపక్కల పరిశ్రమలు బొగ్గును, కోకును విడిచి సహజవాయువుకు మారాలని, లేనిచో ఆ ప్రాంతం నుంచి తరలిపోవాలని 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. గాజుకు పేరెన్నికగన్న ఫిరోజాబాదు కూడా ఆ ప్రాంతంలోనిదే. గాజు కొలిమి పర్యావరణానికి ఎంత భారమో గ్రహించడానికి ఈ ఒక్క నిదర్శనం చాలు.

పగిలిన గాజును తిరిగి కరిగించవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. గాజును ఎన్నిమార్లు కరిగించినా దాని నాణ్యత తగ్గదన్నది నిజమే. ముడిపదార్థాలలో 10 శాతం గాజు పెంకులు చేరిస్తే ఇంధనం సుమారు 2.5 నుంచి 3 శాతం వరకు ఆదా అవుతుంది. అయితే ఈ ప్రయోజనం అత్తరు సీసాకు అంత సులభంగా దక్కదు. గాజును రంగులవారీగా వేరుచేయాలి. మూతలను, లోహపు పట్టీలను తొలగించాలి. వేడిని తట్టుకొనే బోరోసిలికేట్ గాజు మామూలు గాజుతో కలియరాదు. పైగా చిన్న సీసాలు, వాటి ముక్కలు జల్లెడలలో జారి మట్టితో, రాళ్లతో కలిసిపోతాయి. తూకానికి కొనే పాత సామానుల వ్యాపారికి కొద్ది గ్రాముల సీసాతో గిట్టుబాటు కాదు. కనుక అది చాలా సందర్భాలలో చెత్తకుప్పలోనే మిగిలిపోతుంది. ఇంటివద్దనే చెత్తను వేరుచేయడాన్ని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు విధిగా చేశాయి. అయినా తడిచెత్తలో కలిసిన గాజు చివరకు గుచ్చుకొనేది పారిశుద్ధ్య కార్మికుని చేతికే. పరిమళం ఒకరిది, గాయం మరొకరిది కావడం న్యాయం కాదు.

ఇట్టి చిన్న సీసాకు తగిన మార్గం కరిగించడం కాదు, మళ్లీ నింపడం. అదే అత్తరును అదే సీసాలో పోయించుకొంటే కడగవలసిన పని కూడా లేదు. వేరొక పరిమళం కావాలంటే ఊడివచ్చే భాగాలను తీసి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెట్టి కడగాలి. వదలని జిడ్డును సర్జికల్ స్పిరిట్ కరిగిస్తుంది. స్పిరిట్ మండే ద్రవం కనుక దానిని నిప్పుకు దూరంగా వాడాలి. తడి పూర్తిగా ఆరిన పిదపనే సీసాను నింపాలి. నింపే అవసరం లేనివారు దానిలో పూసలు, సూదులు, పూలమొక్కల విత్తనాలు దాచుకోవచ్చు. మూత తీసిన ఖాళీ సీసాను బట్టల పెట్టెలో ఉంచితే మిగిలిన వాసన కొంతకాలం బట్టలకు పడుతుంది. మందులకు, తినే పదార్థాలకు మాత్రం దానిని వాడరాదు.

పాత సీసాలో పోస్తే పరిమళం చెడుతుందని, కొత్త సీసా లేనిదే కానుకకు శోభ ఉండదని కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. శుభ్రంగా ఆరిన గాజు వాసనను నిలుపుకోదు కనుక మొదటి భయానికి ఆధారం లేదు. కానుకకు కొత్త సీసా వాడటంలో దోషం లేదు, కానీ నిత్యం వాడుకొనే అత్తరు కానుక కాదు. ఈ పద్ధతి తెలుగువారికి కొత్తదీ కాదు. గోలీసోడా తాగి సీసాను దుకాణంలోనే ఇచ్చి రావడం ఎరుగని తెలుగు ఊరు అరుదు.

అయినా కేవలం సద్బుద్ధి చాలదు, దానికి చిన్న ప్రోత్సాహం తోడుకావాలి. అడవి జంతువులు గాజు పెంకులతో గాయపడుతున్నందున, 2022లో తమిళనాడులోని నీలగిరి జిల్లాలో మద్రాసు హైకోర్టు ఆదేశాల మేరకు ఒక ఏర్పాటు జరిగింది. మద్యం సీసాపై 10 రూపాయలు అదనంగా తీసుకొని, ఖాళీ సీసాను తెచ్చినవారికి ఆ సొమ్మును తిరిగి ఇవ్వడం ఆ పద్ధతి. అత్తరు వర్తకులు కూడా సీసాకు విడిగా వెల కట్టి, ఇంటినుంచి సీసా తెచ్చుకొన్నవారికి ఆ వెలను తగ్గిస్తే ఎవరికీ నష్టం లేదు. కొలిచి పోసే అలవాటు వారికి ఎలాగూ ఉంది. సీసాను జేబులో వేసుకొని వెళ్లే అలవాటు కొనేవారికి కలగడమే మిగిలింది.