పొయ్యిలో కాలు

విఠలాచార్య 'జగన్మోహిని' (1978) కథ చెప్పమంటే కృష్ణా జిల్లాలో ఆ తరంవాళ్ళు చాలామంది తడబడతారు. దెయ్యం వంట చేసే సీను గురించి అడగండి, కళ్ళకు కట్టినట్టు చెబుతారు. కట్టెలకు బదులు తన కాలే పొయ్యిలో పెట్టి మండిస్తుంది. చుక్క నెత్తురు కారదు. పెద్ద సెట్టూ లేదు. ఒక పొయ్యి, కాస్త కెమెరా కిటుకు. గుడివాడలోనో అవనిగడ్డలోనో నేల క్లాసులో కూర్చుని అది చూసిన ఇల్లాలు తెల్లారి లేచి మళ్ళీ అలాంటి పొయ్యి ముందే కూర్చోవాలి. డబ్బు పెట్టలేని దర్శకుడు భయాన్ని ఆమె వంటింట్లోకే పంపేశాడు.

అమెరికాలో చవక దర్శకులు ఇంకో దారి పట్టారు. హెర్షెల్ గోర్డన్ లూయిస్ 1963లో పాతిక వేల డాలర్ల లోపే 'బ్లడ్ ఫీస్ట్' తీశాడు. నాలుక పీకే సీనుకు గొర్రె నాలుక తెచ్చారు. నటన నాసి, కథ అంతకన్నా నాసి. తన సినిమా విట్‌మన్ కవిత్వం లాంటిదని, బాగుండకపోయినా ఆ రకంలో మొదటిదని లూయిస్ తానే చమత్కరించేవాడు. విట్‌మన్ అభిమానులు మన్నించాలి గానీ, రెండో మాట మాత్రం నిజం. తర్వాత 1981లో శామ్ రైమీ 'ఈవిల్ డెడ్'లో మొక్కజొన్న పాకంతో నెత్తురు పారించాడు. అయినా ఆ సినిమాలో నన్ను వణికించేది నెత్తురు కాదు. చెక్కకు కెమెరా బిగించి, చెరో కొస పట్టుకుని అడవిలో పరుగెత్తారు చూడండి, అది. కంటికి కనపడనిది మనమీదికి దూసుకొస్తుంది. కానూరు సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' (1992)లో రేవతి వెనక కెమెరాను తిప్పినప్పుడు రైమీయే గుర్తుకొస్తాడు.

ఈ చవక సినిమాల లోపాల జాబితాకేం, చాంతాడంత. నాకు మింగుడుపడనిది ఒక్కటే: చచ్చేదీ ఆడదే, దెయ్యమయ్యేదీ ఆడదే, పోస్టరుకెక్కేదీ ఆమె ఒళ్ళే. లూయిస్ కత్తికి బలయ్యేవాళ్ళు దాదాపు అందరూ యువతులే. 'జగన్మోహిని'లో జయమాలిని మోహినిగా భయపెట్టాల్సిన చోట కూడా కెమెరా చూపు వేరే చోట ఉంటుంది. భయం నమ్మకంగా మారే ప్రమాదం మరొకటి. యండమూరి చేతబడి నవల 'తులసిదళం' మీద రంగనాయకమ్మ 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అంటూ పుస్తకమే రాశారు. నవల పాఠకుల మీద ఆమెకున్న ఆ పట్టింపు మన సినిమా సమీక్షకులకు ఏనాడూ లేదు.

వాళ్ళ పట్టింపంతా 'చవకబారు' అన్న ముద్ర మీదే. ఈ సినిమాలను ఆ ముద్ర వేసి పక్కన పెట్టిన పెద్దమనుషులే 1999లో 'సమరసింహారెడ్డి'కి కుటుంబ సమేతంగా వెళ్ళారు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు మన తెరమీద వేట కొడవళ్ళకు తీరికే లేదు. తలలు తెగాయి, సుమోలు గాలిలోకి లేచాయి, హాల్లో ఈలలు. దాన్ని జుగుప్స అని ఎవరూ అనలేదు. విజయవాడ గాంధీనగర్ డిస్ట్రిబ్యూటరు మాస్ సినిమా అన్నాడు, సమీక్షకుడూ అదే రాశాడు. ఆ సినిమాల్లో నరుకుడు పడ్డవాడి ముఖం మీద కెమెరా క్షణం కూడా ఆగదు, వెంటనే హీరో కళ్ళ మీదికి పోతుంది. లూయిస్ ఎంత సిగ్గుమాలినవాడైనా, కత్తి దిగినవాళ్ళ దగ్గరే కెమెరా పెట్టాడు.