మనవడు అప్పజెప్పిన బల్లి

సంక్రాంతి సెలవులకు మా మనవడు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఏటా బట్టల సంచీతో వచ్చేవాడు, ఈసారి ఒక గాజుపెట్టె కూడా మోసుకొచ్చాడు. అందులోకి తొంగి చూసి మా ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇంట్ల ఉన్న బల్లులు సాల్తలేవారా? పట్నం నుంచి ఇంకోటి తెచ్చినవా?"

బల్లే. కాని మన గోడమీది బల్లి కాదు. పసుపుపచ్చని ఒంటిమీద నల్లని మచ్చలు, లావుపాటి తోక. లెపర్డ్ గెకో అంటారట. మనం చిరుతబల్లి అనుకుందాం. మన ఇంటి బల్లికి కనురెప్పలుండవు. ఇది నింపాదిగా రెప్పలార్పుతుంది. మన బల్లి కాలివేళ్ల పట్టుతో కప్పుమీద తలకిందులుగా పరుగెడుతుంది. దీనికా పట్టు లేదు, నేలమీదే నడక. నెత్తిన పడే భయం లేదని, బల్లిశాస్త్రం చూసుకోనక్కరలేదని మా ఆవిడకు నచ్చజెప్పాను.

హాస్టలులో ఉంచనివ్వరట. "తాతా, నువ్వే సూసుకోవాలె" అని అప్పజెప్పి వాడు వెళ్లిపోయాడు. పెట్టె కింద వెచ్చదనానికి ఒక కరెంటు చాప, పురుగుల మీద చల్లడానికి కాల్షియం పొడి ఇచ్చాడు. అడుగున పాత వార్తాపత్రిక పరిచి ఉంది.

ఆ కాగితం నాకు నచ్చలేదు. అది అఫ్గానిస్తాను, పాకిస్తాను, వాయవ్య భారతదేశపు ఎండు నేలల జీవి అని వాడే చెప్పాడు. ఎండు నేల అంటే ఎడారి, ఎడారి అంటే ఇసుక అనుకున్నాను. బాన్సువాడలో ఉండి ఇసుకకు కరువా? మంజీరా ఇసుక తెప్పించి, జల్లెడ పట్టి, కడిగి, ఎండబెట్టి రెండంగుళాల మందాన పరిచాను. చూడముచ్చటగా ఉంది. కరెంటు దండగని రాత్రిళ్లు చాప ఆపేశాను. పొడి సంగతి సగం రోజులు మరిచిపోయాను.

నెల తిరిగేసరికి బల్లి కీచురాళ్లను ముట్టడం మానేసింది. విసర్జన లేదు. పొట్ట ఉబ్బింది. వెనకకాళ్లు ఈడుస్తోంది. మనవడికి ఫోను చేస్తే అవతల మాట లేదు. కాసేపాగి, "పట్నం తీసుకురా తాతా" అన్నాడు. గొంతు వణికింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

అక్కడి పశువైద్యుడు ఎక్స్‌రే తీసి చూపించారు. పొట్టనిండా మా మంజీరా ఇసుకే!

ఆయన విడమరిచి చెప్పారు. ఈ బల్లి పురుగు మీదికి దూకి నోటితో పట్టుకుంటుంది. పురుగుతోబాటు నాలుగు రేణువులూ లోపలికి పోతాయి. ఒంట్లో వేడి, సత్తువ ఉన్నప్పుడు కొద్దిపాటి ఇసుక బయటికి పోతుంది. కాని దీనికి సొంత వేడి లేదు. పొట్టకింద వెచ్చదనం తగ్గితే అరుగుదల మందగిస్తుంది. కాల్షియం చాలకపోతే ఇసుకనే నాకుతుంది. ఇంకేం, పేగు మూసుకుపోతుంది. పిల్లలకు మరీ ప్రమాదం. కాల్షియం ఇసుక అని అమ్మేదీ మేలు కాదు, అదీ పేగులో పేరుకుంటుంది. రంపపుపొట్టు, వరిఊక కూడా వద్దన్నారు. మిల్లు నుంచి ఊక తెద్దామా అని నేను ఆలోచించిన మాట ఆయనకు చెప్పలేదు.

"అది పుట్టిన చోట ఇసుకతిన్నెలు కావు, గట్టి మట్టి, రాళ్లు" అన్నారాయన.

వేడిలో ఉంచి, ద్రవాలెక్కించి, రోజూ గోరువెచ్చని లోతులేని నీళ్లలో కాసేపు నిలబెట్టారు. అయిదో రోజున కడుపు కదిలింది. కొన్నింటికి కోత తప్పదట; కొన్ని దక్కవట. మాది దక్కింది. మనవడు నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు పెట్టెలో షాబాదు బండ ముక్క పరిచాను. దానిమీద ఒకవైపు వేడి 31 నుంచి 33 డిగ్రీల దాకా ఉండేలా చూస్తున్నాను, చాప రాత్రిళ్లూ ఆపడం లేదు. కుబుసం విడవడానికి తడిగుడ్డ పెట్టిన చిన్న డబ్బా ఒకటి ఉంది. పెట్టె ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం పెద్దలకూ పిల్లలకూ నియమం. ఇలాంటి జీవుల మలంలో సాల్మొనెల్లా క్రిములుండవచ్చు.

మీ పిల్లలు కూడా ఇలాంటిదాన్ని ఇంటికి తెస్తే, మన కంటికి ఏది అందమో చూడకండి. అది పుట్టిన నేల ఎట్లాంటిదో ముందు అడగండి. అంతకన్నా ముందు, పిల్లవాడు పరిచిన కాగితం ఎందుకు పరిచాడో అడగండి. నేను అడగలేదు.