సైకాలజీ డిగ్రీకి దూరవిద్య దారి మూసుకుంది... మన ఆడపిల్లల సంగతేంటి?

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆడపిల్ల ఇంటర్ పాసవగానే చాలా ఇళ్లలో అమ్మీ, అబ్బా అనే మాట ఒకటే: "కాలేజీ దూరం బేటీ, ఇంట్లో ఉండే డిగ్రీ కట్టుకో." సైకాలజీ విషయంలో ఇక ఆ మాట చెల్లదు. 2025 జులై-ఆగస్టు నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో సైకాలజీ చెప్పకూడదని యూజీసీ విశ్వవిద్యాలయాలకు చెప్పేసింది. ఆరోగ్య వృత్తులపై 2021లో వచ్చిన చట్టం పరిధిలోని కోర్సులన్నిటికీ ఇదే రూలు. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

మనిషి మనసుతో పనిచేసే చదువు పుస్తకాలతోనే రాదు, అది నిజమే. కానీ దీని భారం ముందుగా పడేది బస్సు, హాస్టల్ దొరకని ఇంటి పిల్లల మీదే. తలుపు మూసిన ప్రభుత్వం దగ్గర్లోని కాలేజీల్లో సీట్లు, హాస్టళ్లు కూడా చూపించాలి.

ఈ నేలకు ఈ చదువు అవసరం లేదా అంటే, చాలా ఉంది. 1987-88లో తెల్లదోమ పత్తిని దెబ్బతీసినప్పుడు ఇక్కడి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఇప్పటికీ మిర్చి ధర పడితే అప్పు ఇంట్లోకొస్తుంది, నిద్ర పోతుంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడొచ్చు. అయితే ఇంటి ఉర్దూలో, ఊరి తెలుగులో ఎదురుగా కూర్చుని వినే మనిషి విలువ వేరు.

అందుకే చేరే ముందే లెక్క వేసుకోవాలి. బీఏ సైకాలజీతోనే క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. దానికి పీజీ, ఆపైన పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన శిక్షణ, రిజిస్ట్రేషన్ కావాలి. అంటే డిగ్రీ మూడేళ్లతో ఆగే దారి కాదిది. రాష్ట్రంలో 2023-24లో వచ్చిన సింగిల్ మేజర్ పద్ధతిలో మైనర్ ఎంపిక కూడా ముఖ్యమే. లెక్కలంటే భయపడి స్టాటిస్టిక్స్‌ను తప్పించుకుంటే పీజీలో ఇబ్బంది తప్పదు. పరిశోధన పద్ధతులు, మెదడు-నాడుల పాఠం, ప్రాక్టికల్స్ మొదటి నుంచీ గట్టిగా చదవాలి.

ఇంకో సంగతి: మిర్చి కోతలు, రెండో సెమిస్టర్ ఒకేసారి వస్తాయి. కూలి డబ్బు కోసం ప్రాక్టికల్స్ మానితే ఏడాది పోయినట్టే. ఆ నెలల ఖర్చు ముందే పక్కన పెట్టుకోవడం ఇంటి పెద్దల పని. కాలేజీలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజు గురించి కాదు. ల్యాబు ఉందా, సైకాలజీ చెప్పే లెక్చరర్ ఉన్నారా?