సాము నేర్వదలచిన వారికి

బాలబాలికలారా! మన సోమల చుట్టుపట్ల పల్లెలలోను, పుంగనూరు, మదనపల్లె, కుప్పము ప్రాంతములలోను ద్రౌపదీదేవి గుడుల యొద్ద భారతోత్సవము జరుగుట మీరెరుగుదురు. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. కడపటి దినమున మైదానములో మట్టితో మలచిన దుర్యోధనుని పెద్ద విగ్రహము పరుండియుండును. భీమ వేషధారియు, దుర్యోధన వేషధారియు గదలు ధరించి దాని చుట్టును పరుగులిడుచు పోరాడుదురు. భీముని గద దుర్యోధనుని తొడపై పడగానే జనులు ఈలలు వేయుదురు. మీలో పలువురు తండ్రి భుజములపై కూర్చుండి ఆ పోరు చూచినవారే.

ఆ కథలో మీరు గమనింపవలసిన విషయమొకటి కలదు. భీమ దుర్యోధనులిరువురును బలరాముని శిష్యులే. తీర్థయాత్రలు చేసి ఆ పోరు చూడవచ్చిన బలరాముడు, భీముడు నాభికి దిగువను కొట్టుట కన్నులార చూచెను. గదాయుద్ధమున అది నిషిద్ధము. వెంటనే ఆయన నాగలి ఎత్తి భీమునిపైకి ఉరికెను. శ్రీకృష్ణుడు అడ్డుపడి శాంతింపజేసెను. భీముడు చేసినది తగునా తగదా యని పెద్దలు నేటికిని చర్చించుచుందురు. ద్రౌపది పడిన పరాభవమును, భీముని ప్రతిజ్ఞను వారు మరువరు. ఆ చర్చ మనకిప్పుడు వలదు. గెలిచినవాడు తన శిష్యుడే యైనను, నియమము తప్పెనని గురువు కోపించెను. ఈ వ్యాసమున నేను చెప్పదలచినదంతయు ఆ కోపములోనే యున్నది.

నేడు పట్టణములలో ఎటు చూచినను కరాటే, టైక్వాండో, జూడో, బాక్సింగు తరగతుల ప్రకటనలు కనబడుచున్నవి. పల్లెలలో కర్రసాము నేర్పు వృద్ధులు ఇంకను అక్కడక్కడ ఉన్నారు. నేను పదవీవిరమణ చేసిన నాటినుండి నా యింటి అరుగుమీదికి వచ్చు తల్లిదండ్రులు తరచుగా అడుగు ప్రశ్న యిది: "అయ్యవారూ, మా బిడ్డను ఎక్కడ చేర్పింపమందురు?" ఈ ప్రశ్నకు నేనొకప్పుడు తప్పు జవాబు చెప్పితిని. అందువలననే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సాము నేర్చినవాడు జగడములకు పోవుననియు, వాని చదువు చెడుననియు కొందరు పెద్దలందురు. నేను ఒప్పుకొనను. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వర్ణించెను. రాయలు తెల్లవారకమునుపే లేచి, నువ్వులనూనె త్రాగి, ఆ నూనెనే ఒడలికి పట్టించుకొని, మట్టితో చేసిన బరువులెత్తి, నూనె యంతయు చెమటగా వెడలువరకు కత్తిసాధన చేసెడివాడట. పిదప తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టి, గుర్రమెక్కి స్వారి చేసెడివాడట. ఆముక్తమాల్యదను రచించిన రాయలు ఈ రాయలే. కాబట్టి సాము చదువునకు శత్రువు కాదు.

కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తినాయుడు ఇనుప గొలుసులు తెంచుటయు, రొమ్ముపై ఏనుగును నిలుపుకొనుటయు మీరు కథలుగా వినియుందురు. ఆయన 1942వ సంవత్సరమున మరణించెను. ఆ మహాబలుడు సర్కసు నెలకొల్పకమునుపు విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసెను. జనులు చూచినది ఏనుగును మాత్రమే. దాని వెనుకనున్న ఏండ్ల సాధనను ఎవరును చూడలేదు. సాము విషయమున మనము మోసపోవుట ఇచ్చటనే మొదలగును. కంటికి ఇంపైన దానిని చూచి, దాని వెనుకనున్న దానిని చూడము.

నేటి పిల్లల కంటికి ముందుగా ఆనునది తెల్లని దుస్తు, రంగు బెల్టు. వాని కథ కొంచెము వినుడు. జపాను దేశమున జూడో విద్యను 1882లో జిగోరో కానో స్థాపించెను. ఆయన ఉపాధ్యాయులను తయారుచేయు టోక్యో కళాశాలకు అనేక సంవత్సరములు అధిపతిగా నుండెను. ఒకినావా ద్వీపపు కరాటేను 1922లో టోక్యోలో ప్రదర్శించి వ్యాపింపజేసిన గిచిన్ ఫునకోషి బడిపంతులు. ఆయన దుస్తును, బెల్టును జూడోనుండియే తీసికొనెను. చూచితిరా, ఇరువురును మావంటి ఉపాధ్యాయులే! అందరును ఒకే తెలుపు ధరించినచో కలవాడెవడో, లేనివాడెవడో తెలియదు. బెల్టును చూచినచో ఎవడెంత నేర్చెనో గురువునకు వెంటనే తెలియును. బలవంతుని యెదుట పసివానిని నిలుపడు. మొదట తెలుపు నలుపులే ముఖ్యము. ఇప్పుడు మనము చూచు పలురంగుల వరుస 1930ల తరువాత యూరపునుండి లోకమంతట వ్యాపించెను. మీరు 8వ తరగతి యని చెప్పుకొనుట యెట్టిదో, బెల్టు రంగును అట్టిదే. అది చదువు ఎంతవరకు వచ్చెనో చెప్పు గుర్తు; అదియే చదువు కాదు.

ఇది తెలిసియు నేను మోసపోతిని. 2007లో మా పాఠశాలలో 8వ తరగతి చదువు పిల్లవాడొకడు కరాటే నేర్తునని పట్టుబట్టెను. తల్లి టమోటా తోటలలో కూలిపని చేయునది. ఆమె నన్నడుగగా, నేను పట్టణమునకు పోయి అచటి తరగతియొకటి చూచితిని. నలువది మంది పిల్లలు మల్లెపువ్వువంటి దుస్తులతో బారులుతీరి, ఒక్క గొంతుతో అరచుచు చేతులు విసరుచుండిరి. ఐదు నిమిషములు నిలిచి, ముగ్ధుడనై తిరిగివచ్చి, "చేర్పింపుమమ్మా" అని చెప్పితిని.

చేరిక రుసుము, దుస్తుల వెల, నెలజీతము, మూడు నెలలకొకసారి బెల్టు పరీక్షకు మరికొంత. ఆ తల్లి పాలిచ్చు మేకను అమ్మెను. సంవత్సరము తిరుగకమునుపే పిల్లవాని నడుమున మూడవ రంగు వచ్చెను. ఒకనాటి సాయంకాలము జోడీలు కట్టి పోరాడించుచుండగా, గురువు ఆపుమని చప్పట్లు కొట్టిన తరువాత పెద్ద పిల్లవాడొకడు వీనిని తన్నెను. వీడు చేతిమీద పడెను. మణికట్టు ఎముక విరిగెను. గురువు ఆ పెద్దవానిని ఒక్క మాట యనలేదు సరికదా, వాని చురుకుదనమును మెచ్చుకొనెను. అచట గాయమునకు కట్టుకట్టు గుడ్డయైనను లేదు. పిల్లవాడు తన ఆకుపచ్చ బెల్టుతోనే చేయి మెడకు కట్టుకొని చివరి బస్సులో ఊరు చేరెను.

మరునాడు తల్లి నా యొద్దకు వచ్చెను. ఆమె నన్ను నిందింపలేదు. "అయ్యవారూ, మీరు చూచియే కదా చెప్పితిరి" అని మాత్రము అనెను. నేను చూచితిని, కాని చూచినది దుస్తులను. గురువును చూడలేదు.

చేయి అతికిన పిదప పిల్లవాడు మరల సాము నేర్తుననెను. మా ఊరికి సమీపమున ఒక వృద్ధుడు చింతచెట్టు క్రింద కర్రసాము నేర్పుచుండెడివాడు. మోకాలిపైకి ఎగగట్టిన పంచె, తలకొక తుండుగుడ్డ. అవియే ఆయన దుస్తులు. అంతకుమునుపు ఎన్నో మారులు ఆ దారిన పోయియు నేనాగలేదు. ఈసారి మూడు సాయంకాలములు చెట్టు మొదట కూర్చుండి చూచితిని. క్రొత్తవారికి నెలనాళ్ళు అడుగులే. కర్ర త్రిప్పుటయే కాని ఒకరిపై ఎత్తుట లేదు. మూడవనాడు, అందరిలో నేర్పరియైన ఆయన మనుమడే, తాత "చాలు" అన్న తరువాత ఎదుటివాని వ్రేళ్ళపై కొట్టెను. వృద్ధుడు వాని చేతినుండి కర్ర తీసికొని చెట్టుకానించి, "ఈ ఏడు జాతరలో నీవు కర్ర త్రిప్పవు" అనెను. ఊరివారెందరు బ్రతిమాలినను ఆయన మెత్తబడలేదు. జాతరనాడు మనుమడు పలకలు వాయించువారి వెనుక నిలిచి చూచెను. పంచెకట్టులో నున్న బలరాముని నేనానాడు చూచితిని. మా పిల్లవాడు ఆయన యొద్ద నాలుగేండ్లు నేర్చెను.

దీనినిబట్టి కరాటే చెడ్డదనియు, కర్రసాము మంచిదనియు మీరు తలపరాదు. పిల్లలను కన్నబిడ్డలవలె చూచు కరాటే గురువులను తరువాత నేనెరిగితిని. త్రాగి కర్ర పట్టువారిని పల్లెలలోను చూచితిని. విద్య యేదైనను కానిండు. గురువు ఎట్టివాడని మొదట అడుగుడు.

ఎట్లు తెలియునందురా? చేరకమునుపు తల్లినో తండ్రినో తోడు తీసికొనిపోయి, రెండు మూడు దినములు మొదటినుండి చివరివరకు కూర్చుండి చూడుడు. తలుపు మూసి పెద్దలను రానీయని చోటినుండి వెనుకకు మరలుడు. నేర్పరిని గురువెట్లు పొగడునో కాక, అందరికంటె బలహీనుని ఎట్లు చూచునో గమనింపుడు. ఆపుమన్న మాటకు ఆట ఆగుచున్నదా? ఆగనిచో ఎవరు శిక్ష పొందుచున్నారు? "మీరెవరి యొద్ద నేర్చితిరి?" అని వినయముగా అడుగుడు. మంచివాడు తన గురువు పేరు సంతోషముతో చెప్పును; కోపించువాని యొద్ద చేరవలదు. ఒడలు వేడెక్కు తేలిక వ్యాయామముతో పాఠము మొదలగుచున్నదా, నేల మెత్తగా నున్నదా, ప్రథమ చికిత్స పెట్టె యున్నదా చూడుడు. తలతో పెంకులు పగులగొట్టించుట, చేతులపై మోటారుసైకిలు నడపించుట వంటి వేడుకలకు పిల్లలను దింపువానిని దూరముగా నుంచుడు. మీ ఎముకలు ఇంకను పెరుగుచున్నవి.

రుసుములన్నియు మొదటనే వివరముగా అడుగుడు. సంవత్సరము సొమ్ము ఒక్కమారు కట్టవలదు. ఏడాదిలో నల్ల బెల్టు ఇప్పింతునని చెప్పువాడు గుడ్డపేలిక అమ్ముచున్నాడే కాని విద్య నేర్పుటలేదు. దానికి ఏండ్లు పట్టును. మన పల్లెల పిల్లలు చివరి బస్సు వేళను కూడ లెక్కింపవలెను. దూరపు గొప్ప గురువుకంటె, చీకటి పడకమునుపు ఇల్లు చేర్చు దగ్గరి మంచి గురువు మేలు.

దుస్తుల మాట. మొదటి నెల ఏమియు కొనవలదు. వదులైన చొక్కా, నిక్కరు చాలును. మనసు నిలిచిన పిమ్మట కొనుడు. జూడోలో ఒకరి అంగీ ఒకరు పట్టి లాగుదురు గనుక అది దళసరి నేతతో నుండును. కరాటే అంగీ పలుచన. ఒకదానికి మారుగా మరియొకటి కొన్నచో సొమ్ము వృథా. నూలుబట్ట ఉతికినప్పుడు కుదియును గనుక కొంచెము పొడవుగా తీసికొనుడు. చెమట పట్టిన దుస్తును ఆనాడే ఉతికి ఆరవేయుడు. గోళ్ళు తీసికొనుడు, గాజులు, ఉంగరములు, చెవిపోగులు తీసి ఇంట నుంచి పొండు. కర్రసామునకు నుదుటి యెత్తుగల వెదురుకర్ర చాలును. దాని కణుపులు నున్నగా చెక్కించి, బీటలు లేకుండ చూచుకొనుడు.

బాలికలు నేర్వవలెనా యని కొందరు అడుగుదురు. తప్పక నేర్వవలెను. ప్రభుత్వ పాఠశాలలలో 6వ తరగతి మొదలు బాలికలకు రాణీ లక్ష్మీబాయి పేరిట ఆత్మరక్షణ శిక్షణ పథకము కూడ కలదు. మీ బడిలో జరిగినచో వదలుకొనవలదు. బయట చేరునప్పుడు స్త్రీ గురువున్న చోటునో, తల్లి కూర్చుండి చూడగల చోటునో ఎన్నుకొనుడు. గురువు తాకిన తీరు మీ మనసునకు కష్టము కలిగించినచో, బాలురైనను బాలికలైనను ఆనాడే ఇంట చెప్పుడు. "ఇంట చెప్పవద్దు" అనువాడు గురువు కాడు.

చివరకు ఒక నిజము. రెండు నెలల సాము కత్తి పట్టినవానిని గెలుచుటకు చాలదు. ఆపద వచ్చినప్పుడు బిగ్గరగా అరచుట, పరుగెత్తి పదిమందిలో చేరుట, 112 కో పిల్లల సహాయమునకై 1098 కో ఫోను చేయుట మొదటి రక్షణ. అది పిరికితనము కాదు. ఇంటికి క్షేమముగా చేరుటకే కదా మీరు విద్య నేర్చినది!

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై కుటుంబముతో నున్నాడు. చలికాలమున ఆ మణికట్టు నేటికిని నొచ్చునని చెప్పును. ఆ మాట విన్నప్పుడెల్ల నా ఐదు నిమిషములు నాకు జ్ఞప్తికి వచ్చును. మీరు నాకంటె మేలుగా చూడుడు. మీరు ఓడినప్పుడు ఓదార్చు గురువు దొరకవచ్చును. గెలిచినప్పుడు మెచ్చువారు ఊరంతయు నుందురు. మీరు తప్పుగా గెలిచినప్పుడు మీ చేతి కర్రను తీసికొనువాడు దొరికెనా, ఆయన ముందు తలవంచి నిలువుడు. ఆయనయే మీ గురువు.